ఒక ఉత్తరానికి ఒకే చేప

ఉత్తరం నెం. 1
నిర్మల్, 8 జనవరి 2025

చి. భవ్యశ్రీకి,

ఈ రోజు తేదీ ఎనిమిది. నిన్న కరీంనగర్ నుంచి పాఠశాల సెక్రటరీ ఫోన్ చేశాడు. జీవశాస్త్రం టీచరు ఉద్యోగాన్ని నీ కోసం మార్చి నెలాఖరు దాకా ఆపుతాడట, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆపడట. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

లక్షద్వీప్‌కు చేపలు లెక్కపెట్టడానికి పోతానన్నప్పుడు ఒక సంవత్సరం అన్నావు. సరే అన్నాను. పోయిన వారం ఫోన్‌లో ఇంకో మూడేళ్లు ఉండమంటున్నారని మెల్లగా చెప్పావు. ఉండాలని నీకు ఎంత ఉందో నీ గొంతులోనే తెలిసింది. నా బిడ్డను, అదే మీ అవ్వను అడిగితే "అమ్మ ఎట్లంటే గట్లనే" అంది. మీ బాపు "అత్తమ్మ ఎట్లంటే గట్లనే" అన్నాడు. ఇద్దరూ గోదావరిఖనిలో హాయిగా కూర్చుని భారం నా మీద వేశారు. నాలుగో తరగతి నుంచి నిన్ను నా దగ్గరే ఉంచుకుని చదివించాను కాబట్టి నిర్ణయం నాదే. కాదనను.

ఫోన్‌లో చెప్పిన మాటకు లెక్క ఉండదు. నాకు కాగితం మీద కావాలి. నీకు అక్కడ పని అబ్బిందా, లేక నీళ్లలో ఆడుకుంటున్నావా అన్నది నీ ఉత్తరాలు చూసి తేలుస్తాను. ఏదైనా ఒక్క చేపను ఎంచుకో. అది ఎలా ఉంటుందో, ఎక్కడెక్కడ ఉంటుందో రాయి. నియమాలు మూడు. ఒక ఉత్తరానికి ఒకే చేప బొమ్మ, భాగాలు గుర్తించి, రంగు పెన్సిళ్లతో. ఫొటో వద్దు. ఫొటో తీసేవాళ్లు చూడటం మానేస్తారు. మొదటి రెండు ఉత్తరాల్లో నీ కన్ను చూసిందీ పుస్తకంలో ఉన్నదీ మాత్రమే రాయి. దాని అర్థమేమిటో మూడో ఉత్తరంలో రాయి. ముందే అర్థం చెప్పేస్తే చదివేవాళ్లు ఇక చూడరు. తరగతిలో ముప్పై నాలుగేళ్లు నేను చేసింది ఇదే.

ఇంకో పని కూడా ఉంది. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి నా పాత బడిలో ప్రదర్శన పెడుతున్నారు. నీ బొమ్మ చూసి ముత్యం పొనికి కర్రతో చేపను చెక్కి రంగులు వేస్తాడు. నలభై ఏళ్లుగా నిర్మల్ బొమ్మలు చేస్తున్నాడు గానీ సముద్రం చేపను ఇంతవరకు చెక్కలేదు. "కూరకు పనికొచ్చేదేనా టీచరమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఈ ఉత్తరానికి కార్బన్ నకలు నా దగ్గర ఉంది.

ఇట్లు, 
మీ అమ్మమ్మ స్వరూప


అగత్తి, 22 జనవరి 2025

అమ్మమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం పన్నెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. కొచ్చిలో ఓడ కోసం అది కూడా నాలాగే కూర్చుందట. నేను అద్దెకుండే ఇంటి ఖదీజాబీ ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత మందంగా రాశారంటే తిట్లే అయి ఉంటాయి" అంది. మలయాళంలో అంది గానీ ఆ నవ్వు ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

నా చేప పేరు ఎంపరర్ ఏంజెల్ ఫిష్. తెలుగులో పేరు లేదు. జెట్టీకి ఎడమ పక్కన, మూడు మీటర్ల లోతులో ఒక గుండ్రటి పగడపు రాయి ఉంది. దాని కింద ఉంటుంది. ఇప్పటికి పదకొండుసార్లు చూశాను.

పొడవు ఆరు సెంటీమీటర్లు. ఒళ్లంతా ముదురు నీలం, దూరం నుంచి నల్లగానే కనిపిస్తుంది. దాని మీద తెల్లటి వలయాలు. తోక దగ్గర ఒక వలయం పూర్తిగా మూసుకుని గుండ్రంగా ఉంటుంది. దాని చుట్టూ ఇంకొకటి, దాని చుట్టూ మరొకటి, తల వైపు వచ్చేసరికి అవి విల్లుల్లా వంగిన గీతలవుతాయి. వాటి మధ్య సన్నని లేత నీలం గీతలు. సోన్ దగ్గర గోదావరిలో గులకరాయి వేస్తే నీళ్లు ఎలా కదులుతాయో గుర్తు తెచ్చుకో. నేను ఒడ్డునే నిలబడి ఏడుస్తుంటే నువ్వు రాళ్లు వేసి చూపించావు కదా, అచ్చం అలా. తోక రెక్క మాత్రం అద్దంలా ఉంటుంది, వెనక ఉన్న రాయి కనిపిస్తుంది. చెంప దగ్గర వెనక్కి తిరిగిన ఒక ముల్లు. వెన్ను రెక్కలో ముళ్లు పద్నాలుగు. ఈ ఒక్కదానికి మాత్రం కెమెరాతో తీసి, పెద్దది చేసి లెక్కపెట్టాను. క్షమించు.

ఎక్కడ ఉంటుంది అన్నావు. ఈ రాయి కిందే. నా చెయ్యి చాచినంత దూరం దాటి ఇంతవరకు పోలేదు. పెద్ద చేప నీడ పడితే లోపలికి దూరి, తోక వలయం ఒక్కటే బయట పెడుతుంది.

నీ నియమాల ప్రకారం ఇక్కడితో ఆపుతున్నాను. ఇక్కడ రోజూ సూర చేపే. పచ్చిపులుసు మీద మనసు పోతోంది.

నీ
భవ్య


ఉత్తరం నెం. 2
నిర్మల్, 6 ఫిబ్రవరి 2025

భవ్యశ్రీకి ఆశీస్సులు.

నీది ఫిబ్రవరి ఒకటిన అందింది. పొడవాటి నోటుబుక్కు ఒకటి తెచ్చి గళ్లు గీశాను. తేదీ, కొలత, రంగు, చోటు, సందేహం. నీ వివరాలన్నీ ఎక్కించాను. సందేహం గడి ఈసారికి ఖాళీగా ఉంది. ఇది మెచ్చుకోలు కాదు, సమాచారం.

ముత్యం నీ బొమ్మను గోడకు అంటించి రెండు రోజులు ఊరికే చూశాడు. మూడో రోజు చెక్కడం మొదలుపెట్టాడు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి నున్నగా మెత్తాడు. వలయాలు వేయడానికి ఉడుత తోక వెంట్రుకల కుంచె తీశాడు. "దేవుండ్లకు కండ్లు పెట్టే కుంచె ఇది, చేప నసీబు బాగుంది" అన్నాడు. మన పక్కింటి ఉమ్రావ్ బేగం వచ్చి చూసి, "స్వరూపమ్మా, గీ చేప నీళ్లల్ల బతికేదేనా, జాకెట్టు గుడ్డ మీద అద్దిందా?" అంది. ఆమెతో నేను ఇరవై ఆరేళ్లు ఒకే స్టాఫ్ రూంలో కూర్చున్నాను. ఎక్కడ నవ్వకూడదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

పచ్చిపులుసుకు చింతపండు పంపుతున్నాను. పార్శిలు విడిగా వస్తుంది.

అమ్మమ్మ


అగత్తి, 6 ఫిబ్రవరి 2025

ప్రియమైన అమ్మమ్మా,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా రెండో ఉత్తరం ఆలస్యం కాకూడదని రాస్తున్నాను.

ఈ వారం పగడపు దిబ్బ బయటి వాలులో లెక్క. యాభై మీటర్ల టేపు పరిచి, దానికి అటూ ఇటూ రెండున్నర మీటర్ల లోపల ఏ చేప కనిపించినా పలక మీద రాసుకోవాలి. పద్దెనిమిది మీటర్ల లోతులో ఎంపరర్ ఏంజెల్ ఫిష్ వచ్చింది. ఎదురుగా వచ్చి, నన్ను చూసి, తప్పుకోలేదు. నేనే తప్పుకున్నాను.

పొడవు ముప్పై నాలుగు సెంటీమీటర్లు. ఒళ్లంతా నీలం, దాని మీద పసుపు గీతలు, తల నుంచి తోక వైపు కొంచెం ఏటవాలుగా పైకి పోతాయి. ఒక పక్క ఇరవై రెండు లెక్కపెట్టాను. తోక పూర్తిగా పసుపు, నీ పట్టుచీర అంచు రంగు. కళ్ల మీదుగా ముసుగు కట్టినట్టు నల్లటి పట్టీ, దానికి నీలం అంచు. మూతి తెల్లగా ఉంటుంది. రొమ్ము రెక్క వెనక ఇంకో నల్లటి పట్టీ. చెంప దగ్గర ముల్లు. వెన్ను రెక్కలో ముళ్లు పద్నాలుగు. దగ్గరికి పోతే టక్ టక్‌మని చప్పుడు చేస్తుంది. తలుపు కొట్టినట్టే ఉంటుంది, నీళ్లలో ఛాతీకి తగులుతుంది. స్పాంజీలను కొరికి తింటుంది.

ఎక్కడెక్కడ ఉంటుందంటే, అటు ఎర్ర సముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం మొదలుకొని, మన లక్షద్వీప్, అండమాన్ మీదుగా, ఉత్తరాన జపాన్ దక్షిణ కొస, దక్షిణాన ఆస్ట్రేలియా పగడపు దిబ్బలు, ఇటు హవాయి దాకా. ఇంట్లో నా గది గోడకు ఉన్న ప్రపంచ పటంలో చూడు, మన అరచేతులు రెండూ పరిచినా సరిపోదు.

మూడో ఉత్తరం రాయాలంటే నేను ఒకటి నా కళ్లతో చూడాలి. ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాను.

ఖదీజాబీ సలాం చెప్పమంది. చేపలను పట్టకుండా లెక్కపెట్టి వదిలేసే ఆడపిల్లను ఆమె ఇదివరకు చూడలేదట.

నీ
భవ్య


ఉత్తరం నెం. 3
నిర్మల్, 20 ఫిబ్రవరి 2025

భవ్యశ్రీకి,

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. రెండుసార్లు చదివాను. నోటుబుక్కులో సందేహం గడి నిండిపోయి, పక్క గడిలోకి పోయింది.

జనవరి 22న ఎంపరర్‌కు తెల్లటి వలయాలు. ఫిబ్రవరి 6న అదే పేరుకు పసుపు గీతలు. అప్పుడు ఆరు సెంటీమీటర్లు, ఇప్పుడు ముప్పై నాలుగు. అప్పుడు అద్దం లాంటి తోక, ఇప్పుడు పసుపు తోక. అప్పుడు ఒక రాయి కింద చెయ్యి చాచినంత దూరం, ఇప్పుడు ఆఫ్రికా నుంచి హవాయి. రెండు చేపలకు ఒకే పేరు పెట్టావు. ఏ పేరు దేనిదో చూసుకోకుండా పంపావు. పదిహేను రోజుల తేడాలో నువ్వే రాసింది నువ్వే మరిచిపోయావంటే, నీ పలక మీద లెక్కలు ఎలా నమ్మాలి? ఆ చేపలను లెక్కపెట్టమని నీకు పని ఇచ్చినవాళ్లు ఎలా నమ్ముతారు?

ప్రదర్శన ఎనిమిది రోజుల్లో ఉంది. నీ సంజాయిషీ కోసం ఆగడానికి లేదు. ముత్యం రెండో చేపను కూడా చెక్కడం మొదలుపెట్టాడు. రెండూ పెడుతున్నాను. పసుపు గీతలదాని కింద పెట్టే అట్ట మీద పేరు రాశాను. వలయాలదాని అట్ట మీద ఇలా రాశాను: "పేరు తప్పుగా నమోదైన చేప. పరిశీలనలో జాగ్రత్త లేకపోతే ఇలా జరుగుతుంది." నీ పేరు రాయలేదు. పిల్లలకు పాఠం కావాలి గానీ నీ పరువు పోవాలని కాదు.

ఉమ్రావ్ బేగం ఆ అట్ట చదివి, "జర పిల్లను ఊపిరి తీస్కోనియ్యి స్వరూపమ్మా. అది నీళ్లల్ల ఉన్నది, నువ్వు నిర్మల్‌ల కూసోని ఇంకింత ముంచుతున్నవ్" అంది. అట్టను మాత్రం మార్చలేదు.

ఏప్రిల్ ఒకటిన నువ్వు చేరతావని కరీంనగర్ సెక్రటరీకి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అభ్యంతరం ఉంటే కాగితం మీద పంపు. మార్చి 20 లోగా అందాలి.

చింతపండు అందిందో లేదో రాయి. రాయకపోతే అదొక లోపం.

అమ్మమ్మ


ఉత్తరం నెం. 4
నిర్మల్, 1 మార్చి 2025

భవ్యశ్రీకి,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. ఇది నా పద్ధతి కాదు.

నిన్న ప్రదర్శన అయింది. పన్నెండు గంటలకు ముత్యం వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. తన చేపల ముందు నిలబడి అట్ట మీద ఉన్నది అక్కడి పిల్లతో చదివించుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, గిది తప్పని ఎవరు రాసిండ్రు?"

"నేనే రాసిన."

"రెండు చేపలని ఎవరు చెప్పిండ్రు మీకు?"

"కండ్లు చెప్తలేవా ముత్యం? రంగులు చూడు."

"రంగులు నేనేస్తినాయె, నాకు తెల్వదా?" అన్నాడు. రెండింటినీ చేతుల్లోకి తీసుకుని ముక్కులు నా వైపు తిప్పాడు. "రంగు ఆఖరుకు ఏసేది. ముందుగాల కట్టె ఉంటది. గీ చెంప కాడి ముల్లు సూడున్రి. గీ నోరు సూడున్రి. మీ మనుమరాలి బొమ్మలల్ల ఉన్నట్టే చెక్కిన, నా సొంతం ఏమి కలపలే. చెక్కుతాంటే చెయ్యికి సమజైంది, చిన్నది పెద్దగైతే గిదే. మా మనుమరాలు బాలవాడికి ఏసుకపోయిన గౌను ఇప్పుడు కాలేజీకి ఏసుకపోతదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే. మీ ముంగట అడగకుండ ఎవడు మాట్లాడతడు?"

చుట్టూ పిల్లలున్నారు. ఉమ్రావ్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వచ్చి నీ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టాను. భూతద్దంతో వెన్ను రెక్క లెక్కపెట్టాను. పద్నాలుగు. పద్నాలుగు. నీ ఉత్తరాల్లో రెండు చోట్లా ఆ సంఖ్య ఉంది, నా నోటుబుక్కులోనూ నా చేత్తోనే ఎక్కించి ఉంది. కొలత, రంగు, చోటు గడులు చూశాను, ముళ్లకు గడి గీయలేదు కాబట్టి వాటిని పేజీ అడుగున "ఇతరములు" అని రాసి దాని కింద పడేశాను.

నిజమేమిటో రాయి. వెంటనే రాయి.

అమ్మమ్మ


అగత్తి, 5 మార్చి 2025

అమ్మమ్మా,

నీ మూడో ఉత్తరం నిన్న అందింది. చదివి జెట్టీ మీద కాసేపు కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, కోపం వచ్చింది. ఖదీజాబీకి ఉపవాసాలు, తాను పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా నాకు మాత్రం అన్నం పెట్టి, "మీ అమ్మమ్మతో కొట్లాడాలన్నా కడుపులో బలం కావాలి" అంది. తిన్నాక కోపం తగ్గింది.

అవి రెండు చేపలు కావు. ఒకటే. చిన్నప్పుడు వలయాలు, పెద్దయ్యాక గీతలు. తెలియనివాళ్లు ఎవరైనా నీలాగే అనుకుంటారు. ఒకప్పుడు చదువుకున్న శాస్త్రజ్ఞులే వాటికి వేరువేరు పేర్లు పెట్టారు. పెద్ద ఎంపరర్ తన చోటులోకి ఇంకో ఎంపరర్‌ను రానివ్వదు, తరుముతుంది. చిన్నది తనలా కనిపించదు కాబట్టి ఊరుకుంటుందని, అందుకే ఈ వేరే రంగులని అంటారు. ఇది అంటారు అన్నదే, నేను చూసింది కాదు.

చోటు విషయం కూడా అంతే. గుడ్లు నీళ్ల మీద తేలుతాయి. పిల్లలు కొన్ని వారాలు అలల వెంట ఎటు పోతే అటు పోయి, దొరికిన రాయి కింద దిగుతాయి. ఆ ఒక్క రాయే వాటి ఊరు, పెరిగేదాకా. అలా రాయి రాయికీ దిగుతూ పోయి జాతి మాత్రం ఆఫ్రికా నుంచి హవాయి దాకా పరుచుకుంది.

మరి ఇది ముందే ఎందుకు రాయలేదంటావు. నీ మొదటి ఉత్తరం నకలు తీసి చూడు అమ్మమ్మా. ఒక ఉత్తరానికి ఒకే బొమ్మ. అర్థం మూడో ఉత్తరంలో. మధ్యలో ఉన్నదాన్ని నా కళ్లతో చూడకుండా మూడోది రాయకూడదనుకున్నాను. ఫిబ్రవరి 27న దొరికింది. పదకొండు సెంటీమీటర్లు. ముందు వైపు వలయాలు ఇంకా ఉన్నాయి, వెనక వైపు విరిగి, వాటి మధ్య నుంచి పసుపు బయటికి వస్తోంది. రెండూ కాదు, రెండూ అవును. బొమ్మ జత చేశాను, ఒక్కటే.

నాకు ఇక్కడే ఉండాలని ఉంది. ఇంకో మూడేళ్లు అదే దిబ్బల మీద, అదే టేపు పరిచి లెక్కపెడితే చేపలు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా చెప్పగలను. ఒక్క ఏడాది లెక్కతో ఏమీ చెప్పలేను. అయినా నువ్వు రమ్మంటే ఏప్రిల్ ఒకటిన కరీంనగర్‌లో ఉంటాను. మాటకు మాట చెప్పడం లేదు, నిజంగానే వస్తాను.

చింతపండు అందింది. పచ్చిపులుసు చేసి ఖదీజాబీకి పెట్టాను. ముఖం చిట్లించి, రెండోసారి పోయించుకుంది.

నీ
భవ్య


ఉత్తరం నెం. 5
నిర్మల్, 18 మార్చి 2025

నా భవ్యకు,

నీ మూడో ఉత్తరం పదహారున అందింది. వెంటనే మొదటి ఉత్తరం కార్బన్ నకలు తీశాను. నీలం అక్షరాలు కొంచెం అలికినట్టున్నాయి గానీ చదవడానికి ఇబ్బంది లేదు. నువ్వు రాసినట్టే ఉంది, నా చేతి రాతలోనే. నియమం నేను పెట్టాను, నువ్వు పాటించావు, పాటించినందుకు నిన్ను తప్పుపట్టాను. నోటుబుక్కులో సందేహం గడిలో ఉన్నదంతా కొట్టేసి, "తప్పు: స్వరూపది" అని రాసి తేదీ వేశాను.

నిన్న బడికి పోయాను. తొమ్మిదో తరగతి పిల్లల ముందు పాత అట్టను చింపి కొత్తది పెట్టాను. "ఎంపరర్ ఏంజెల్ ఫిష్. చిన్నప్పుడు, పెద్దయ్యాక." ఒక అమ్మాయి లేచి, మరి ఆ తప్పు ఎవరిదని అడిగింది. నాదేనన్నాను. తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. ముప్పై నాలుగేళ్లలో ఏ తరగతి నోరూ నేను ఇంత సులువుగా మూయించలేదు.

సాయంత్రం నీకు ఫోన్ చేసి "ఉండు" అన్నాను. ఉత్తరం పోయేసరికి నెలాఖరు అవుతుందని ఫోన్ చేశాను, ఇంకే కారణమూ లేదు. నువ్వు ఏడ్చావు. ఫోన్‌లో ఏడ్చినదానికి లెక్క ఉండదు కాబట్టి ఎక్కడా రాసుకోలేదు. ఉమ్రావ్ బేగం ఇఫ్తార్‌కు పిలిచి, నాకు ఒక ఖర్జూరం ఎక్కువ పెట్టింది. "తప్పు ఒప్పుకున్నందుకు ఇనాం" అంది. తిన్నాను.

నీ పదకొండు సెంటీమీటర్లదాన్ని ముత్యం చెక్కాడు. పగిలే వలయాలు వేయడానికి నిన్న రాత్రంతా పట్టింది. ప్రదర్శన అయిపోయింది కదా, అది నా రాసే బల్ల మీదే ఉంది. దానికి అట్ట పెట్టలేదు. ఏమి రాయాలో తోచలేదు.

ఇక జరగవలసినవి:

1. మూడేళ్లకు ఒప్పుకుంటున్నట్టు నీ ఆఫీసుకు ఈ ఉత్తరం అందిన రోజే రాసిచ్చి, నకలు నాకు పంపాలి.

2. కరీంనగర్ సెక్రటరీకి నేనే చెప్పాను. నువ్వు ఫోన్ చేసి క్షమాపణలు చెప్పనక్కర్లేదు. మీ అవ్వకు, బాపుకు ఆదివారం నేను చెప్తాను. అంతదాకా నీకు ఏమీ తెలియనట్టే ఉండాలి.

3. ఇక నుంచి ఒక ఉత్తరంలో ఎన్ని బొమ్మలైనా ఉండవచ్చు. ఉత్తరం చేరడానికి పన్నెండు రోజులు పట్టే చోటి నుంచి రాసేవాళ్లు అర్థాన్ని ముందే చెప్పవచ్చు.

4. వలయాలు ఎటు నుంచి విరుగుతాయో, పసుపు మొదట ఎక్కడ వస్తుందో ముత్యం అడుగుతున్నాడు. ఎడమ పక్క బొమ్మ విడిగా పంపాలి. ఇప్పుడు అతను అడగకుండానే మాట్లాడుతున్నాడు.

5. వానలకు ఓడలు తగ్గకముందే, మే పది లోగా, రెండు ఉత్తరాలు వేయాలి. చింతపండు మళ్లీ పంపాను, ఖదీజాబీ వంతు విడిగా కట్టాను.

6. నవంబరులో నేనూ ఉమ్రావ్ బేగమూ అక్కడికి వస్తున్నాము. దీవికి రావడానికి కావలసిన అనుమతి కాగితాలు నువ్వు చూడాలి. మునగడం మా వల్ల కాదు. అడుగున అద్దం ఉన్న పడవ ఒకటి మాట్లాడి పెట్టు.

7. జెట్టీ ఎడమ పక్కన, ఆ గుండ్రటి రాయి కింద ఉన్న చిన్నదాన్ని అంతదాకా ఎవరూ కదిలించకుండా చూడు. అప్పటికి దానికి ఎన్ని గీతలు వచ్చాయో నాకు ముందుగా రాయొద్దు. నేనే వచ్చి లెక్కపెట్టుకుంటాను.

అమ్మమ్మ